బెల్టు తీసినాక

ఆయిలింజను దడదడ ఎగిరింది. గొట్టం నాలుగు గుక్కల నీళ్లు కక్కి ఆగింది.

"మా మామ కాలం కరువులో ఊరంతా తాగిన బాయి ఇది. నీళ్లకేం తక్కువ? నువ్వే చెడగొట్టినావు. అనంతపురం మేస్త్రీని పిలవమంటే నీ చేత్తోనే ఇప్పితివి," అంది చౌడమ్మ.

మొగుడు సుంకన్న ఇంజను మీదికి వంగాడు. నీళ్లు సన్నగా వస్తున్నాయని నిన్న ఇంజను విప్పి, కడిగి, బిగించింది తనే. ఇప్పుడు వాల్వు మళ్లీ సరిచేశాడు. ఆయిలు గొట్టం ఊది చూశాడు. ఇంజను ఎగిరిపడుతూనే ఉంది. చివరికి పంపును తిప్పే బెల్టు తీసేశాడు.

ఇంజను కుదురుకుంది. విసుర్రాయి తిరిగినట్టు సాఫీగా ఆడింది.

"బాగైంది కదయ్యా!" చౌడమ్మ మొహం విప్పారింది. "బెల్టు ఎయ్యి. శెనక్కాయ చేను వాడిపోతాండాది."

సుంకన్న బావిలోకి వంగి చూశాడు. పంపు గొట్టం కొస ఉత్త బురద మీద వేలాడుతోంది.

"ఇంజను బాగానే ఉండాది. నీళ్లందక పంపే ఇన్నాళ్లూ గాలి పీలుస్తాండాది."

చౌడమ్మ కూడా తొంగి చూసింది.

సుంకన్న మసి చేతుల వైపు చూసుకున్నాడు.

"తప్పు నా చేతిదే అయింటే, మళ్లా ఇప్పి బిగించుకుందును గదే."