మూడు కిలోల లోపు

నినాద్ పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసేశాడు.

నాలుగు గ్రాములు తగ్గింది. వాళ్ళమ్మ తల పట్టుకుంది.

"ఇంకా తగ్గాలంటే గోళ్ళు కూడా తీసుకోరా" అంది.

తీసుకున్నాడు కూడా!

పాపం, వాడి బాధ వాడిది. వి. డి. సబ్నీస్ అంటే కొండలెక్కే పిచ్చోళ్ళందరికీ గురువు. బడిసంచీ అంత సంచీతో హిమాలయాలు చుట్టొచ్చిన ఘనత ఆ పేరుది. ఈ చలికాలం పన్నెండు రోజుల నడకకి వెంట ఒక్కరినే తీసుకెళ్తారట. ఆ గురువు రాసిన పుస్తకాలన్నీ చదివి, మనవాడు పుణే నుంచి మూడేళ్ళుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్ళకి జవాబొచ్చింది.

"శనివారం సాయంత్రం రాయరేశ్వర్ కొండ మీదికి రా. సంచీ మూడు కిలోల లోపుండాలి. నీ గూడు నువ్వే వేసుకోవాలి. నీ వంట నువ్వే వండుకోవాలి. చూస్తాను."

ఇంకేముంది! డేరా మానేసి ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ పట్టా కొన్నాడు. దాన్ని నిలబెట్టడానికి చేతికర్ర. ఎనిమిది మేకులెందుకు, నాలుగు చాలన్నాడు. గిన్నెలు మానేసి గుప్పెడంత లోటా కొన్నాడు. కూల్‌డ్రింకు డబ్బా కోసి స్పిరిట్ పొయ్యి చేసుకున్నాడు. దానికి గాలి తగలకుండా పెట్టే రేకు మాత్రం బరువని ఇంట్లోనే పారేశాడు.

మొత్తం రెండు కిలోల తొమ్మిది వందలు. ఈల వేసుకుంటూ కొండెక్కాడు.

దారిలో ఇనప నిచ్చెన దగ్గర ఒక ముసలావిడ కనబడింది. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టింది. నెత్తిన ఇంత మూట. అందులోంచి తపేలా, గొంగళి, తార్పాలిన్ బయటికి తొంగిచూస్తున్నాయి.

నినాద్ నోరు ఊరుకోదుగా. మరాఠీలో అవ్వని పిలిచినట్టే పిలిచాడు.

"ఏం ఆజీ, ఇల్లు మారుతున్నావా? మంచం మర్చిపోయావే!"

"వెనకాల వస్తోందిరా. దానికి నాలుగు కాళ్ళున్నాయిగా, మెల్లగా నడిచొస్తుంది."

"అంత తపేలా ఎందుకు? ఊరందరికీ వండుతావా?"

"ఆకలేసినోళ్ళకి. నీ సంచీ ఏంట్రా, మజ్జిగ ముంత కూడా పట్టేట్టు లేదు?"

"నా ఇల్లూ, వంటిల్లూ అన్నీ ఇందులోనే ఉన్నాయి!"

"అయితే గృహప్రవేశానికి పిలువు."

"బరువు మొయ్యడం తెలివితక్కువ పని ఆజీ. సబ్నీస్ సారే రాశారు."

"అలాగా? మరి ఆ సారుకి వండిపెట్టేదెవరో కూడా కనుక్కో."

ఆవిడ చకచకా నిచ్చెనెక్కేసింది. సంచీ తేలికైన మనవాడు వెనక రొప్పుతూ ఎక్కాడు.

పైకెళ్ళి, లోయ బాగా కనబడుతుందని కొండ అంచునే పట్టా కట్టాడు. లోటాలో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించాడు.

గాలి ఉఫ్ అంది. ఆరింది.

మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఉఫ్.

అగ్గిపెట్టె సగం అయ్యేసరికి వాన దిగింది. నాలుగు మేకులూ ఒకేసారి లేచొచ్చాయి. పట్టా గాలిపటంలా లోయ మీదుగా ఎగిరిపోయింది. గృహప్రవేశం కాకముందే ఇల్లు పోయింది!

"ఒరే ఇంటాయనా, ఇటు రా!"

బండ చాటున తార్పాలిన్ కట్టుకుని కూర్చుంది ఆజీ. తడిసి వణుకుతున్న వాడి మీద గొంగళి కప్పింది. తపేలాలో పిఠ్లా, అదే శెనగపిండి కూర, కుతకుతలాడుతోంది. మనవాడు మొహమాటపడుతూనే మూడు జొన్నరొట్టెలు లాగించాడు.

"ఇంకోటి వెయ్యనా?"

"వద్దు ఆజీ... సగం వెయ్యి."

వాన కాస్త తగ్గింది. నిచ్చెన వైపు నుంచి ఎవరిదో కేక వినబడింది.

నినాద్ గబుక్కున లేచాడు.

"సారు వచ్చేశారు! ఆజీ, నీకు పుణ్యముంటుంది, ఇవన్నీ మూటకట్టుకుని వెళ్ళిపో. నీ వంట తిన్నానని తెలిస్తే నా సీటు గోవిందా!"

"ఇంకా చినుకులు పడుతున్నాయి కదరా."

"చినుకులేగా!"

ఆవిడ పొయ్యి ఆర్పింది. తార్పాలిన్ విప్పింది. మూట నెత్తిన పెట్టుకుని నడిచింది.

పది అడుగులేసిందో లేదో, బురదలో కాలు జారింది. ఎలాగో నిలదొక్కుకుంది.

నినాద్ పరుగెత్తాడు.

"ఇటివ్వు ఆ మూట."

"మీ సారు వస్తున్నాడుగా?"

"రానీ. ఇల్లు ఎగిరిపోయింది, పొయ్యి ఆరిపోయింది, ఆజీ పెడితే తిన్నానని చెప్తా."

"మరి నీ సీటో?"

"పోతే పోయింది. ముందు ఇటివ్వు!"

మూట నెత్తికెత్తుకున్నాడు. మెడ భుజాల్లోకి దిగిపోయింది.

"అమ్మో! ఏముంది ఆజీ ఇందులో?"

"మీలాంటోళ్ళు ఇంటి దగ్గర వదిలేసి వచ్చేవన్నీ."

ఇంతలో వానకోటు వేసుకున్న నడివయసాయన దగ్గరికొచ్చాడు. సబ్నీస్ నడకల ఏర్పాట్లు చూసే పరాగ్‌ని అని చెప్పుకున్నాడు. చేతిలో స్ప్రింగు త్రాసు.

మూట కింద నుంచే నినాద్ నమస్కారం పెట్టబోయాడు, కుదర్లేదు.

"నినాద్‌ని సార్. నా సంచీ ఆ బండ దగ్గరుంది, తూచుకోండి. కానీ వంటా గూడూ రెండూ ఈ ఆజీవే. సారు రాగానే నేనే చెప్పేస్తా."

పరాగ్ వాడి నెత్తి మీది మూట చూశాడు. ఆజీని చూశాడు. వస్తున్న నవ్వు పెదవుల మధ్యే నొక్కేసి సంచీ వైపు కదిలాడు.

ఆజీ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తూచక్కర్లేదు పరాగ్. చలికాలం ఇతను నాతో వస్తాడు."

"అలాగే సబ్నీస్ మేడమ్" అన్నాడు పరాగ్.