పెరట్లో రాతి తల

మద్రాసు ప్రదర్శనలో ఆ రాతి తలను శేషారత్నం తానే ఏరి కొన్నది. దానికి కళ్ళు లేవు, తెరిచిన నోరు మాత్రం ఉంది. మార్కాపురంలో తమ ఇంటి హాల్లో పెడతానంటే అత్తగారు ఒప్పుకోలేదు. పెరట్లో నాపరాళ్ళ దిమ్మె మీద పెట్టారు.

కాన్పయిన కొత్తలో బిడ్డ తాగగా మిగిలిన పాలను పిండి గిన్నెలో ఇస్తే, అత్తగారు ఆ నోట్లో పోసేది. "తల్లిపాలు నేలన పోసి తొక్కగూడదమ్మే," అనేది.

ఇప్పుడు బిడ్డకే పాలు లేవు. నాలుగు రోజులుగా చుక్క రాలేదు.

ఆ రాత్రి పులిసిన పాల కంపు భరించలేక రత్నం లాంతరు, తడిగుడ్డ పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"అన్ని పాలు పోస్తివే, యాడికి పోయినాయత్తా?"

"రాయే తాగినట్టుంది. మీ కాలేజీలో చెప్పలేదా?" వసారాలోంచి అత్తగారు నవ్వింది.

రత్నం గుడ్డ చుట్టిన వేలిని ఆ నోట్లో పెట్టింది. లోపల గరుకు లేదు. వెచ్చగా, జిగటగా ఉంది. పాలవిరుగుడు గుడ్డకు అంటింది.

ఇంట్లో బిడ్డ ఆకలికి ఏడుస్తున్నాడు.

ఆ నోరు మెల్లగా మూసుకుని వేలిని చప్పరించింది.

బిడ్డ ఏడుపుకు రాని పాలు అప్పుడు చేపుకు వచ్చి, రవికె తడిసింది.