తగ్గుతున్న వేడి

కంప్యూటర్ల రిపేరులో మా ఆయనది ఇరవయ్యేళ్ల చెయ్యి. విమానం నడిపే ఆట తడబడకుండా సాగాలని ఆ రాత్రి ప్రాసెసర్ వేగం పెంచారు.

"కాలిపోదు కదండీ?"

"మరీ వేడెక్కితే అదే ఆగిపోతుంది. నువ్వు నిశ్చింతగా పడుకో."

పడుకోలేదు. తెర మూలన వేడి చూపించే అంకెనే చూస్తూ పక్కన కూర్చున్నాను. విమానం పైకి లేచేకొద్దీ డెబ్భై, నలభై, పది. పెరగాల్సింది తగ్గుతోంది.

"ఎంత చల్లగా పనిచేస్తోందో చూడు," అన్నారు గర్వంగా. మాటతో పాటు నోట్లోంచి ఆవిరి వచ్చింది. నాకేమో ఉక్కపోస్తోంది.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా కొయ్యబారి ఉంది. ప్లగ్ పీకేశాను. తెర ఆరిపోయింది, ఫ్యాను ఆగింది. ఇంజను మోత మాత్రం ఆగలేదు.

ఆయన చీకటి తెర మీంచి చూపు తిప్పలేదు.

"కంగారుపడకు, మెల్లగా దింపుతాను. బెల్టు పెట్టుకో."