మంచం పట్టెకు బిగించిన నాబు

తిరువూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే రాయప్ప భార్య హన్నమ్మకు, పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో, గొంతు జబ్బుతో మాట పోయింది. మంచాన పడ్డ ఆమె తనను పిలవడానికి అతనొక ఏర్పాటు చేశాడు. ముందుగదిలోని ఆంప్లిఫయర్ నుంచి వెనకగది దాకా తీగ లాగి, వాల్యూమ్ నాబును ఆమె మంచం పట్టెకు బిగించాడు. ముందుగదిలో ఎప్పుడూ మోగే పాట కాస్త తగ్గితే దాహమని అర్థం. మొత్తానికే ఆగిపోతే నొప్పి ఓర్చుకోలేకపోతోందని. చేతిలో ఏ పనున్నా వదిలేసి పరుగెత్తేవాడు.

"నొప్పిలేని చోటికి వెళ్లింది, ఊరుకో రాయప్పా," అన్నారు పాస్టరుగారు, సమాధి దగ్గర.

ఆ సాయంత్రమే తీగంతా చుట్టచుట్టి అటకెక్కించాడు. నాబు మళ్లీ ఆంప్లిఫయర్‌కే బిగించాడు.

నెల తిరిగాక ఒక రాత్రి, ఆమెకిష్టమైన కీర్తన రికార్డు పెట్టాడు. రెండో చరణంలో పాట తగ్గింది.

"వోల్టేజీ పడిపోయినట్టుంది నాన్నా," అంది వంటింట్లోంచి కూతురు రిబ్కా.

రాయప్ప తలెత్తి చూశాడు. బల్బు నిండుగానే వెలుగుతోంది. నాబు తానుంచిన చోటే ఉంది.

లేచి, కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచుకుని వెనకగదిలోకి నడిచాడు. పరుపు తీసేసిన మంచం పక్కన చీకట్లో నిలబడ్డాడు. నీళ్లు తాగాక ఆమె పాట పెంచేది. అలవాటుకొద్దీ అందుకోసం ఎదురుచూశాడు.

పాట పెరగలేదు. సన్నగిల్లి సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయింది. తిరుగుతున్న రికార్డు మీద ముల్లు గీసుకునే చప్పుడొక్కటే మిగిలింది.

గ్లాసులో నీళ్లు తొణికి అతని పాదాల మీద పడ్డాయి.

"అక్కడ కూడా నొప్పేనా, హన్నమ్మా?"