దిఫుంతా తల్లి నీళ్ళు

“ఆపు, ఆపు! అది మావాడి బండే!”

ఎలోయిసా ముందు సీటు మీద రెండు చేతులా బాదింది. పార్కు కాపలాదారు బర్రెరా జీపు ఆపేలోపే దూకినంత పని చేసింది. ఎండిన ఏటి ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయి ఉంది ఆమె కొడుకు నికనోర్ పాత బండి. మొన్న పొద్దున లేచిన సోండా వడగాలి నిన్న సాయంత్రం దాకా ఊపిరి తీసుకోలేదు. బండి నిండా ఎర్ర ఇసుక తప్ప మనుషుల జాడ లేదు.

బర్రెరా తలుపు లాగాడు. నీళ్ళ డబ్బా దొర్లి కింద పడింది. తలకిందులు చేసి చూశాడు.

“చుక్క లేదు. తలంపాయా పార్కు లోపల ఆకాశాన్నంటే గోడలున్నాయి, రాబందులున్నాయి, చూపించడానికి మేమున్నాం. ఈ దిక్కుమాలిన పక్క లోయలోకి ఎందుకు తెచ్చినట్టు పెద్దమ్మా, మీవాడు?”

“బస్సులు పోని చోటు చూడాలని ముచ్చటపడింది ఈవిడగారి మొగుడే!”

వెనక సీట్లోంచి మిర్తా దిగింది. భర్త ఒరాసియోతో బ్యూనస్ ఎయిరిస్ నుంచి లోయలు చూడటానికి వచ్చిన మనిషి. మోకాళ్ళు నొప్పులని మొన్న హోటల్లోనే ఉండిపోయింది.

“ఆయన ముచ్చటపడితే? తీసుకొచ్చేవాడికి బుద్ధుండక్కర్లా? మా ఆయనకి డెబ్భై దగ్గర పడుతున్నాయి! ఉన్న నీళ్ళు మీ అబ్బాయి తాగేసి, ఆయన్ని ఎక్కడో వదిలేసి పోయుంటాడు.”

ఎలోయిసాకి ఒళ్ళు మండింది. “చూడమ్మా! నా కొడుక్కి చదువు అబ్బలేదు, ఒప్పుకుంటాను. తిండిపోతు, అదీ ఒప్పుకుంటాను. కానీ పక్కవాడి గొంతెండుతుంటే తను గుటక వేసే రకం కాదు. నా చేతుల్లో పెరిగాడు వాడు.”

“తల్లులందరూ అనే మాటే!”

“అనరా మరి? నువ్వు మీ ఆయన్ని పొద్దుట్నించీ పొగుడుకోవట్లా?”

“మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి తల్లీ, ముందిటు రండి,” అని బర్రెరా అరిచాడు.

గాలికి అడ్డంగా నిలిచిన బండరాయి చాటున ఇసుక చెదరలేదు. అక్కడ అడుగులున్నాయి. ఒకటి బూటు, ఒకటి గుడ్డచెప్పు. గుడ్డచెప్పు అడుగు లోతుగా దిగింది, పక్కమనిషి బరువును సగం మోసినట్టు. రెండూ లోయ మలుపు వైపే పోయాయి.

బర్రెరా ముఖం విప్పారింది. “గూటి వైపు వెళ్ళారు! ఇంకేం భయం లేదు!”

“ఏం గూడు?” అంది మిర్తా.

“దిఫుంతా తల్లి పూజగూడు,” అంటూ ఎలోయిసా గుండెల మీద సిలువ వేసుకుంది. “పాపం, చంటిబిడ్డని చంకనేసుకుని మొగుణ్ణి వెతుక్కుంటూ ఈ ఎడార్లో పడొచ్చి, దాహంతో ప్రాణం విడిచింది. పసిగుడ్డు మాత్రం చచ్చిన తల్లి పాలు తాగి బతికాడు. అందుకే దారిన పోయేవాళ్ళందరూ ఆవిడకి నీళ్ళ సీసా పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. నేనైతే ఒక్క ఆదివారం కూడా మానను, మావాణ్ణీ అదే భక్తితో పెంచాను.”

“సీసాల్లో నిజంగా నీళ్ళే ఉంటాయా?”

“నీళ్ళు కాక సారాయి ఉంటుందా? గుట్టలు గుట్టలుగా ఉంటాయి!”

మిర్తాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “అయితే బతికే ఉంటారు!”

“ఆ తల్లి పక్కనుండగా దాహంతో ఎవరు పోతారు, నీ పిచ్చిగానీ!”

మిర్తా ఆమె చెయ్యి పట్టుకుంది. “ఏదేదో అనేశాను వదినా. మనసులో పెట్టుకోకు.”

“పోనిద్దూ. కన్నకడుపుకీ కట్టుకున్నదానికీ నోరు ఆగదు. సాయంత్రం మీ ఆయన్ని తీసుకుని మా ఇంటికి రా. నా చేతి ఎంపనాడాలు తింటే మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోతావు.”

జీపు అక్కణ్ణించి ముందుకు పోదు. ముగ్గురూ ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచారు. ఎలోయిసా నీళ్ళ సంచి బర్రెరాకి కూడా ఇవ్వకుండా తనే మోసింది. జనవరి ఎండ రాళ్ళ మీద పడి మొహాన కొడుతోంది. మిర్తా రెండుసార్లు కూలబడింది. రెండుసార్లూ ఎలోయిసాయే లేపింది.

మలుపు తిరగ్గానే కళ్ళు చెదిరాయి. గూటి చుట్టూ వరసలు వరసలుగా సీసాలు ఎండకి తళతళలాడుతున్నాయి. వాటికి వీపు ఆనించి, రెండు చేతులూ బారజాపి కూర్చుని ఉన్నాడు నికనోర్, ఒంటి మీద చొక్కా లేకుండా. ఆ చొక్కా మడత పెట్టి ఒరాసియో తల కింద ఉంది. పెద్దాయన బండ నీడలో, ముఖం మీద టోపీతో పడుకుని ఉన్నాడు.

“ఏవండీ! వచ్చేశాం!” మిర్తా పరుగెత్తింది, వెనకే బర్రెరా.

ఎలోయిసా కొడుకు ముందు మోకాళ్ళ మీద పడింది. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టాయి. నాలుక మొద్దులా వాచింది. సంచిలోంచి నీళ్ళు తీసి కొంచెం కొంచెంగా పోసింది. దగ్గుతూ మింగాడు. కళ్ళు తెరిచాడు.

“బతికావురా తండ్రీ! బతికావు!”

“మన నీళ్ళన్నీ ఆయనకే పోశానమ్మా,” అన్నాడు నికనోర్, మాట పెగల్చుకుని. “నేను గుక్కెడు కూడా తాగలేదు.”

“విన్నావా మిర్తా? విన్నావా నా కొడుకు...” అంటూ ఎలోయిసా గర్వంగా వెనక్కి తిరిగింది.

ఒరాసియో ముఖం మీది టోపీ మిర్తా చేతిలో ఉంది. బర్రెరా పెద్దాయన మణికట్టు మెల్లగా కింద పెట్టి, తన తలమీది టోపీ కూడా తీసేశాడు.

నికనోర్ తల్లి గౌను అంచు లాగాడు, మెచ్చుకోలు కోసం చూసే చిన్నపిల్లాడిలా.

“చిన్నప్పట్నించీ నువ్వు చెప్పినట్టే, ఎంత ఏడ్చినా ఈ సీసాల్లో తల్లి నీళ్ళు మాత్రం ఆయన్ని ముట్టుకోనివ్వలేదమ్మా.”