టోపీ కింద పాము

"టోపీ తియ్యనా?" కర్ర పట్టుకుని అడిగాడు తాంగేని.

"ఆగన్నా, ఇంకా నిమ్మళించలేదు," అంది కైనో. ఇసుక దిబ్బ మీద బోర్లా పడుకుని కెమెరాకి కన్ను ఆనించి ఉంది.

టోపీ కింద ఉన్నది జానెడు ఇసుకపాము. కాటేస్తే చెయ్యి మోచేతిదాకా వాచిపోతుంది. కానీ పైన చీకటి కప్పితే కాసేపటికి చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. అప్పుడు టోపీ తీస్తే, ఇసుకలోకి జారిపోయేలోపు ఫోటో దొరుకుతుంది. నమీబ్ ఎడారిలో అందరూ అలాగే తీస్తారు.

ఈ పాము మాత్రం కుదురుగా ఉండటం లేదు. ఇందాక తీసి చూస్తే మెలికలు తిరుగుతూనే ఉంది.

"దాని పొట్ట చూశావా? బల్లిని మింగొచ్చింది. అరక్క పొర్లుతోంది," అన్నాడు తాంగేని. "సాయంత్రంలోగా నువ్వు ఫోటో ఇవ్వకపోతే క్యాలెండర్ అట్ట మీద నా ఊసరవెల్లే. అట్టకెక్కిన ఫోటో ఎవరిదో వాళ్ళకే గైడు ఉద్యోగం, అదీ నాదే."

"ఇస్తాలే."

"ఇంటికెళ్ళి పిల్లాడికి జావ తాగించుకో తల్లీ. తిన్నాడా, పడుకున్నాడా అని పొద్దుట్నించీ మీ అమ్మని ఫోన్లో చంపుతున్నావు. నీకెందుకమ్మా ఈ పాములు?"

కైనో కెమెరా సరిచేసుకుంది. పాలకి ఏడుస్తున్నాడేమోనని లోపల పీకుతూనే ఉంది. కానీ ఇప్పుడు లేస్తే ఉద్యోగం పోయినట్టే.

"నీ నీడ పడుతోంది. కర్ర ఇటిచ్చి, అటు తిరిగి కూర్చో," అంది.

తాంగేని పాముకి వీపు పెట్టి చతికిలబడ్డాడు. వెనక్కి వాలి, అరచెయ్యి ఇసుక మీద ఆనించాడు. సముద్రం మీంచి వచ్చిన మంచు విడిపోయి ఎండ పొడుస్తోంది.

"ఇసుక చురుక్కుమంటోంది. చేతికి కాలితే పాముని వదిలెయ్యాలి. ఆ రూలు నేను పెట్టింది కాదు."

"నిజంగా కాలుతోందా, గోరువెచ్చగా ఉందా?"

తాంగేని నవ్వాడు. "గోరువెచ్చనే. చెయ్యి తియ్యను, కాలగానే చెప్తా. కానీ ఇంకాసేపే."

టోపీ అంచు ఒకసారి లేచి పడింది. మళ్ళీ కదిలింది. కైనో కెమెరా అద్దంలోంచి చూపు తిప్పకుండా ఊపిరి బిగబట్టింది. ఏడ్చి ఏడ్చి పిల్లాడు ఊరుకున్నట్టు, టోపీ కింద కదలిక ఆగిపోయింది.

"పడుకుందన్నా," గొంతు తగ్గించి అంది.

"జోల పాడావా ఏంటి?"

కైనో కర్ర చాచి టోపీని మెల్లగా పక్కకి లాగింది.

ఒక్క క్షణం ఆమె చెయ్యి కొయ్యబారింది. తర్వాత కెమెరా టకటకా మోగడం మొదలైంది, ఆగలేదు. కైనో పెదాల మీద నవ్వు ఆగడం లేదు.

"ఒక్క పాముకి అన్ని ఫోటోలెందుకు?" వెనక్కి తిరగకుండానే వెక్కిరించాడు తాంగేని. "అట్ట మీద పడేది ఒక్కటేగా."

కైనో కెమెరా మీంచి కన్నెత్తి అతని వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఒక్క పాము కాదన్నా. తల్లి పక్కన ఇప్పుడే పుట్టిన పిల్లలు నాలుగున్నాయి," అంది నెమ్మదిగా. "ఐదోది నీ అరచేతి పక్కనుంది, చెయ్యి కదపకు."