నిన్నటి అంకె

సిరంజిలోంచి మందు చుక్క చుక్కగా జారుతోంది. ఇంటాయన ఊపిరి బిగబట్టి గాజు గొట్టంలోకి చూస్తున్నాడు. నీలం రంగు గులాబీలోకి తిరిగింది. అంకె పన్నెండు.

“మళ్ళీ పెరిగింది,” అన్నాడు, ఎవరో తన మీద కక్ష కట్టినట్టు.

హాలు మూలన అరవై లీటర్ల ఉప్పునీటి తొట్టి. అందులో రెండు చేపలు, ఒక్క పగడం. మొదట్లో పగడాలు ఐదుండేవి. నీళ్ళలో క్షారం ఎనిమిది దగ్గర నిలిస్తేనే అవి బతుకుతాయి. తగ్గితే సీసాలోని మందు కొలిచి పొయ్యాలి. తగ్గడం మాట దేవుడెరుగు, మందు సగం చేసినా పెరుగుతోంది, అసలు మానేసినా పెరుగుతోంది. నాలుగు పగడాలు తెల్లబడి పోయాయి. ఐదోది రెండు రోజులుగా ముడుచుకునే ఉంది.

ఇదీ పోయిందంటే తొట్టి అవతలికి, ఆ మూలకి ఇల్లాలి కుట్టుమిషను. ఒప్పందం అది. ఆవిడ అప్పుడే టేపు తెచ్చి మూల కొలుచుకుంటోంది కూడా.

“నిన్న చూశారు, మొన్న చూశారు. ఇవాళ పొద్దుటే ఇది మూడోసారి. ఎన్నిసార్లు చూస్తే తగ్గుతుందట?”

“నిన్నటి అంకె నిన్నటికే. నీళ్ళు పూటపూటకీ మారతాయి. చూడకుండా ఎలా తెలుస్తుంది?”

“ఈ మాట మీరే చెప్పాలి,” అని ఆవిడ నవ్వాపుకుంది.

తల ప్రాణం తోకకొచ్చింది పాపం. ఉప్పు మార్చాడు. పరీక్ష మందు కొత్తది తెచ్చాడు. దుకాణంవాడు “ఏ నీళ్ళు పోస్తున్నారు సార్?” అంటే, “నాకు నీళ్ళ గురించి చెప్పొచ్చావా?” అని ఫోను పెట్టేశాడు. ఆవిరైనంత మేరా ఆదివారం ఆదివారం ఫిల్టరు నీళ్ళే పోస్తాడు, అదీ తన చేత్తోనే. ఈ నెలంతా ఆ అవసరమే రాలేదు. వానలు కదా, ఆవిరి తక్కువ అనుకున్నాడు.

అంతలో అత్తగారు మగ్గుతో వచ్చింది. తొట్టి మూత పక్కకి జరిపి, తాపీగా ఒంపేసింది.

అతను చటుక్కున ఆ మగ్గు పట్టుకున్నాడు.

“రోజూ కాసిని నీళ్ళు తగ్గుతున్నాయి బాబూ. మీరేమో పనిలో పడి చూసుకోరు. నెల నుంచీ నేనే పోస్తున్నా, మూగజీవాలు కదా.”

“ఏ నీళ్ళు అత్తయ్యగారూ?”

“కుళాయివే. మంచి నీళ్ళేగా?”

“మంచివని మీకెవరు చెప్పారండీ?”

అత్తగారు కూతురి వంక చూసింది. కూతురు మొగుడి వంక చూసింది.

అతను విసురుగా వెళ్ళి గాజు గొట్టం కుళాయి కింద పట్టాడు. ఎన్ని చుక్కలకి రంగు తిరిగితే అంత క్షారం; లెక్కపెడుతూ పోయాడు. సిరంజి ఖాళీ అయింది గానీ రంగు మారలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇవి నీళ్ళు కావు, సున్నపు తేట. ప్రాణమున్నది ఏదన్నా బతుకుతుందా ఇందులో?”

“మేం బతుకుతున్నాంగా,” అంది అత్తగారు.

ఆవిడతో వాదించే ఓపిక లేదు. కలిపి ఉంచుకున్న ఉప్పునీళ్ళు తెచ్చి, తొట్టిలో మూడో వంతు మార్చాడు. ‘కుళాయి నీళ్ళు పొయ్యరాదు’ అని ఇంతలేసి అక్షరాలతో రాసి అద్దానికి అంటించాడు. మళ్ళీ కొలిచాడు. నమ్మకం కుదరక ఇంకోసారి కొలిచాడు. స్నానం చేసి వచ్చేసరికి పగడం ఓ అంచున కాస్త విచ్చుకుంది. ఇల్లాలు నిట్టూర్చి టేపు చుట్టేసుకుంది.

గండం గడిచిందనుకుని, పది గంటలకల్లా ఊరి నీటి సరఫరా కేంద్రానికి వెళ్ళి, ‘ప్రధాన రసాయన అధికారి’ అని తన హోదా రాసున్న బల్ల ముందు కూర్చుని, రోజూలాగే నీటి పరీక్షల రిజిస్టరులో నిన్నటి అంకెలన్నీ ఇవాళ్టి గడుల్లోకి ఎక్కించి సంతకం పెట్టాడు.